ఇసుక తిన్నెల నడుమ సంక్రాంతి సెలవులు

సంక్రాంతి సెలవుల్లో మీరు ఏం చేస్తారు? అమ్మమ్మగారి ఊరు వెళతారు. భోగిమంటకు పాత కర్రలు పోగు చేస్తారు. గాలిపటం ఎగరేస్తారు. మా బడి పిల్లలూ అంతే. కాని పోయిన సంక్రాంతికి మేమొక కొత్త పని చేశాం. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు పన్నెండుమంది, మా తెలుగు టీచరుగారు, డ్రిల్లు మాస్టారు, నేను కలిసి మూడు రాత్రులు భావనపాడు దగ్గర సముద్రపు ఒడ్డున గుడారాలు వేసుకుని ఉన్నాం. ఒక వైపు సముద్రం, రెండో వైపు నౌపడ ఉప్పునీటి చిత్తడి, మధ్యలో ఇసుక తిన్నెలు. అక్కడ మేం చూసిన సంగతులే ఈ వ్యాసం.

కనుమనాడు కాకి కూడా కదలదంటారు కదా! అందుకని మర్నాడు ముక్కనుమ పొద్దున్నే పలాసలో రైలెక్కాం. పూండి దాటాక నౌపడలో దిగి, అక్కడి నుంచి ఆటోల్లో తీరానికి చేరాం. బియ్యం, పప్పు, తాగే నీళ్ల డబ్బాలతో పాటు బడి ప్రయోగశాల నుంచి రెండు ధర్మామీటర్లు, ద్రవాల సాంద్రత కొలిచే హైడ్రోమీటరు ఒకటి, ఒక దుర్భిణి తీసుకెళ్లాం.

తిన్నె ఎక్కగానే ఒక కుర్రవాడు, "మాస్టారూ! అచ్చం ఎడారిలా ఉందండీ!" అని కేక పెట్టాడు. మిగిలినవాళ్లంతా అవునవునన్నారు. అప్పుడే మా శిబిరానికి ఒక నియమం పెట్టుకున్నాం. దేనికైనా పేరు పెట్టేముందు దాన్ని బాగా చూడాలి, కొలవాలి. ఆ తర్వాతే పేరు పెట్టాలి.

ఇది ఎడారేనా?

ఇసుక కనిపించిన చోటల్లా ఎడారి కాదు. శాస్త్రజ్ఞులు ఎడారిని ఇసుకను బట్టి గుర్తించరు, వానను బట్టి గుర్తిస్తారు. సాధారణంగా ఏడాదికి 250 మిల్లీమీటర్లకన్నా తక్కువ వాన పడే చోటును ఎడారి అంటారు. రాజస్థాన్‌లోని జైసల్మేరు అలాంటిది. మన శ్రీకాకుళం జిల్లాలో ఏడాదికి 1,000 మిల్లీమీటర్లకు పైనే వాన కురుస్తుంది. నిజానికి ప్రపంచంలోని ఎడారుల్లో ఇసుకతో కప్పి ఉన్న భాగం సుమారు అయిదో వంతే. మిగిలినదంతా రాయీ రప్పా, గులకనేల. మంచుతో కప్పి ఉన్న అంటార్కిటికాను కూడా ఎడారిగానే లెక్కిస్తారంటే మీకు ఆశ్చర్యం కలుగుతుంది.

మరి ఇక్కడ ఇంత ఇసుక ఎలా వచ్చింది? నదులు కొండల నుంచి ఇసుకను సముద్రంలోకి తెస్తాయి. అలలు దాన్ని ఒడ్డుకు నెడతాయి. ఆరిన ఇసుకను గాలి లోపలికి తరుముతుంది. గాలికి ఇసుక రేణువు పక్షిలా ఎగిరిపోదు. కప్పలా గెంతుతుంది. ఒక రేణువు గెంతి పడినప్పుడు మరికొన్నిటిని ఎగరగొడుతుంది. మోకాళ్ల మీద కూర్చుని నేలబారుగా చూస్తే ఈ గెంతులాట కళ్లకు కనిపిస్తుంది. గాలి వీచే వైపు తిన్నె వాలుగా ఉంటుంది. గాలి చాటు వైపు నిటారుగా ఉంటుంది. ఎంత నిటారుగా ఉన్నా పొడి ఇసుక వాలు సుమారు 34 డిగ్రీలు దాటదు. దాటితే జారిపోతుంది. పిల్లలు కోణమానినితో కొలిచి చూసి, పుస్తకంలో ఉన్నది ఇసుకకు ఎవరు చెప్పారని నవ్వుకున్నారు.

ఈ ఇసుకను పట్టి ఉంచే మొక్కలు కొన్ని ఉన్నాయి. బాలబంద తీగ ఇసుక మీద పాకుతూ కణుపు కణుపుకూ వేరు దింపుతుంది. రావణాసురుడి మీసం అనే ముళ్లగడ్డి తన పొదలో ఇసుకను ఆపుతుంది. ఆ రెండూ ముందు నిలబడి తిన్నెను కట్టాక వెనక మొగలి పొదలు, వాటి వెనక సరుగుడు, జీడిమామిడి, కొబ్బరి నిలుస్తాయి. ఉద్దానం పచ్చదనమంతా ఈ ముందు వరుస మొక్కల చాటునే ఉంది. జీడిమామిడి మనది కాదని మీకు తెలుసా? దాని జన్మస్థలం బ్రెజిల్. 16వ శతాబ్దంలో పోర్చుగీసువారు దాన్ని మన దేశానికి తెచ్చారు. ఇవాళ పలాస పేరు చెబితే జీడిపప్పే గుర్తుకొస్తుంది.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో పలాస సమీపంలో తీరం దాటింది. ఆ రాత్రి ఉద్దానంలో కూలిన కొబ్బరిచెట్లను, జీడిచెట్లను మా పిల్లలందరూ చూసినవాళ్లే. కొందరి తాతలు నాటిన తోటలు ఒక్క రాత్రిలో పోయాయి. గాలిని తిన్నె ఆపలేదు. కాని సముద్రం పొంగి వచ్చినప్పుడు మొదట ఎదురు నిలిచేది ఇసుక తిన్నే. తిన్నెను తవ్వి ఇసుక తరలించడమంటే ఇంటి ముందరి గోడ పడగొట్టుకోవడమే.

గుడారం నేర్పిన పాఠం

మొదటి సాయంత్రం మా గుడారాలు రెండూ కూలిపోయాయి. మేకు దిగ్గొట్టగానే బాగానే దిగేది. కాస్త గాలి రాగానే తాడు దాన్ని వెన్నలో నుంచి వెంట్రుక లాగినట్టు లాగేసేది. పొడి ఇసుకలో రేణువును రేణువు పట్టుకోదు మరి! వలలు బాగు చేసుకుంటున్న ఒక పెద్దాయన మా అవస్థ చూసి నవ్వాడు.

"ఇసకలో మేకేటి నిలుస్తాది బాబూ! ఇసకనే ఇసకలో పాతాల" అన్నాడు.

ఒక ఖాళీ గోనెసంచిలో ఇసుక నింపించాడు. దానికి తాడు కట్టి మోకాలి లోతు గోతిలో అడ్డంగా పాతించాడు. ఇక నలుగురు కుర్రాళ్లు లాగినా అది కదలలేదు. కారణం ఆలోచించండి. మేకును పట్టుకున్నది దాని చుట్టూ ఉన్న పిడికెడు ఇసుక. సంచి పైకి రావాలంటే దాని మీద ఉన్న ఇసుక మొత్తాన్ని ఎత్తాలి. ఆ పెద్దాయన బడికి వెళ్లలేదట. కాని ఘర్షణ, బరువు అనే పాఠం నాకన్నా బాగా చెప్పాడు.

ఆ రాత్రి చలికి వణికిపోయాం. మధ్యాహ్నం కాళ్లు కాల్చిన ఇసుకేనా ఇది అనిపించింది. మర్నాడు ఒక ధర్మామీటరును ఇసుక పైపొరలో, రెండోదాన్ని మూరెడు లోతులో ఉంచి రెండు గంటలకొకసారి పిల్లలు లెక్క రాశారు. పైపొరలో పాదరసం పగలు బాగా పైకి ఎక్కి, రాత్రి బాగా దిగిపోయింది. లోతులోది ఇంచుమించు కదలనే లేదు. ఇసుకకు త్వరగా వేడెక్కే గుణం, త్వరగా చల్లారే గుణం రెండూ ఉన్నాయి. ఒక గ్రాము నీటిని వేడి చేయడానికి పట్టే ఉష్ణంలో అయిదో వంతుతోనే ఒక గ్రాము ఇసుక అంత వేడెక్కుతుంది. పైగా ఇసుక గుండా ఉష్ణం లోపలికి త్వరగా పోదు. అందుకే ఎండ్రకాయలు పగలంతా బొరియల్లో చల్లగా పడుకుని, పొద్దు వాలాక బయటికి వస్తాయి.

ఉప్పు సముద్రం పక్కన తియ్యని నీరు

రెండో రోజు ఆ పెద్దాయనే మరో వింత చూపించాడు. తిన్నెకు వెనక వైపు, పల్లంగా ఉన్న చోట చెలమ తీయమన్నాడు. నడుము లోతు తవ్వగానే నీరు ఊరింది. చేతిలోకి తీసుకుని నాలుక మీద వేసుకుంటే ఉప్పు లేదు! కూతవేటు దూరంలో సముద్రం ఘోషిస్తున్నది. అయినా నీరు చప్పగా ఉంది. ఎలా?

తిన్నె మీద పడ్డ వాన ఇసుకలోకి ఇంకుతుంది. అడుగున సముద్రపు నీరు చేరి ఉంటుంది. మంచినీటికన్నా సముద్రపు నీరు బరువు. ఒక లీటరు మంచినీరు 1,000 గ్రాములు తూగితే, ఒక లీటరు సముద్రపు నీరు సుమారు 1,025 గ్రాములు తూగుతుంది. అందుకని వాననీరు ఉప్పునీటి మీద తేలుతుంది. ఎంత లోతు వరకు? ఒక చిన్న లెక్క చేద్దాం. 40 మీటర్ల ఎత్తు ఉప్పునీటి బరువును తూచాలంటే 41 మీటర్ల ఎత్తు మంచినీరు కావాలి. అంటే సముద్రమట్టానికి పైన 1 మీటరు మంచినీరు ఉంటే, మట్టానికి దిగువన సుమారు 40 మీటర్ల మంచినీరు ఉంటుందన్నమాట! 19వ శతాబ్దం చివర హాలండులో బాడన్ గైబెన్, 1901లో జర్మనీలో హెర్జ్‌బర్గ్ వేరువేరుగా ఈ సంగతి కనుక్కున్నారు.

ఈ లెక్కను తిరగేసి చూడండి. మోటార్లు పెట్టి తోడి, పైమట్టం 1 మీటరు తగ్గించామనుకోండి. కాలక్రమాన అడుగున ఉప్పునీరు 40 మీటర్లు పైకి వస్తుంది. చెంబుతో చేదుకున్నంత కాలం తిన్నె నీళ్లిస్తూనే ఉంటుంది. దాన్ని మించి ఆశపడితే ఉప్పు తగులుతుంది.

చెలమ చుట్టూ కూర్చున్నప్పుడు తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె నెమ్మదిగా అడిగింది. "మాస్టారూ, మా పెదనాన్న డయాలసిస్‌కి వెళ్తున్నారండి. మన ఉద్దానం నీళ్ల వల్లే కిడ్నీలు పోతున్నాయంటారు. నిజమేనాండీ?"

మిగతా పిల్లలు మాటలు ఆపేశారు. వాళ్లలో ఆ జబ్బు సోకని కుటుంబం లేదు, ఏదో ఒక చుట్టరికంలో ఉంటుంది. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మూత్రపిండాలు పాడవడానికి లోకంలో సాధారణంగా కనిపించే కారణాలు మధుమేహం, రక్తపోటు. ఉద్దానంలో ఆ రెండూ లేనివారికి కూడా ఈ జబ్బు వస్తున్నది. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలోనూ, మధ్య అమెరికాలో చెరకుతోటల కూలీల్లోనూ ఇలాంటి జబ్బే ఉంది. నీళ్లలోని ఖనిజాలను, పురుగుమందులను, ఎండలో నీళ్లు తాగకుండా పనిచేయడాన్ని, ఇంకా కొన్నిటిని శాస్త్రజ్ఞులు అనుమానించి పరీక్షిస్తున్నారు. ఫలానా ఒక్కటే కారణమని ఇంతవరకు రుజువు కాలేదు. 2023 డిసెంబరులో హిరమండలం జలాశయం నుంచి ఉద్దానానికి తాగునీరు తెచ్చే పథకం, పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి.

"ఈ చెలమ నీరు తియ్యగా ఉందన్నాం. మంచినీరు అనగలమా?" అని అడిగాను. పిల్లలు ఆలోచించారు. నాలుకకు తెలిసేది ఉప్పు లేదన్న సంగతి ఒక్కటే. నీళ్లలో ఇంకా ఏమేం కరిగి ఉన్నాయో నాలుక చెప్పలేదు. కాచినా కరిగినవి పోవు. అందుకే మేం తాగడానికి డబ్బాల నీళ్లే వాడాం. "తియ్యని నీరు" వేరు, "మంచినీరు" వేరు. ఆ అమ్మాయి తన నోట్సు పుస్తకంలో ఆ రెండు మాటలూ పక్కపక్కన రాసుకుని మధ్యలో గీత గీసింది.

తెల్లవారగట్ల ట్రాక్టరు జాడ

మూడో రోజు తెల్లవారుజామున అలల దగ్గరికి వెళితే, సముద్రంలో నుంచి తిన్నె దాకా, తిన్నె నుంచి మళ్లీ సముద్రం దాకా ట్రాక్టరు చక్రం నడిచినట్టు జాడ ఉంది. సముద్రంలో నుంచి ట్రాక్టరేమిటి? అది ఆలివ్ రిడ్లే తాబేలు వచ్చి వెళ్లిన దారి. ఏటా చలికాలం చివర ఈ తాబేళ్లు మన తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. మనకు ఉత్తరాన ఒడిశాలో రుషికుల్య నదీముఖం దగ్గర వేలు, లక్షల సంఖ్యలో ఒక్కసారే వస్తాయి. ఆ సంగతి శాస్త్రలోకానికి తెలిసింది 1994లో.

తల్లి తాబేలు రాత్రిపూట ఇసుకలో గొయ్యి తీసి 100కు పైగా గుడ్లు పెట్టి, కప్పెట్టి, వెనక్కి చూడకుండా సముద్రంలోకి వెళ్లిపోతుంది. పొదిగే పని ఇసుకది! మా ధర్మామీటరు చెప్పిన పాఠం గుర్తు తెచ్చుకోండి. పైపొరలో గుడ్లు పెడితే పగలు ఉడికిపోతాయి, రాత్రి చల్లబడిపోతాయి. మూరెడు లోతులో వేడి నిలకడగా ఉంటుంది. పిల్లలు బయటికి రావడానికి నెలన్నర నుంచి రెండు నెలలు పడుతుంది. ఇంకో వింత ఉంది. లోపలి పిల్ల ఆడదా మగదా అని నిర్ణయించేది కూడా ఇసుక వేడే. ఇసుక చల్లగా ఉంటే ఎక్కువగా మగవి, వెచ్చగా ఉంటే ఎక్కువగా ఆడవి పుడతాయి. ఈ రెండిటికీ మధ్య తేడా రెండు మూడు సెంటీగ్రేడు డిగ్రీలే. భూమి వేడెక్కుతున్న ఈ రోజుల్లో ఆ రెండు మూడు డిగ్రీలు ఎంత పెద్దవో ఊహించండి.

మేం ఆ జాడ తొక్కకుండా, గుడ్ల కోసం తవ్వకుండా దూరంగా నడిచి వచ్చేశాం. తాబేళ్లను, వాటి గుడ్లను ముట్టుకోవడం చట్టరీత్యా నేరం. జాడ కనిపిస్తే అటవీశాఖవారికి చెప్పడమే మనం చేయవలసిన పని.

ఉప్పుమళ్లలో

ఆ పగలు నౌపడ ఉప్పుమళ్లకు వెళ్లాం. మన రాష్ట్రంలో పేరున్న ఉప్పు పంట ఇది. పంట అనే అంటారు. మడి కడతారు, నీరు పెడతారు, కోత కోస్తారు కదా! మేం వెళ్లేసరికి కూలీలు కొత్త పంట కోసం మళ్లు చదును చేసి, కాళ్లతో తొక్కి గట్టిపరుస్తున్నారు.

ఒక లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. అందులో మన కూరలో వేసుకునే ఉప్పు నాలుగింట మూడు వంతులు. నీరు ఎండకు ఆవిరవుతున్నకొద్దీ లవణాలన్నీ ఒక్కసారి అడుగున పడవు. ముందు సున్నపు పదార్థం, తర్వాత జిప్సం పడతాయి. అప్పుడు నీటిని వేరే మడిలోకి మళ్లిస్తారు. నీటి సాంద్రత సుమారు 1.21 అయ్యాక ఉప్పు గళ్లు కట్టడం మొదలవుతుంది. చివరికి మిగిలిన చేదు నీటిలో మెగ్నీషియం లవణాలు ఉంటాయి. దాన్ని పారబోస్తారు. పారబోయకపోతే ఉప్పు చేదెక్కుతుంది, చెమ్మగిల్లుతుంది. మేం హైడ్రోమీటరును వరసగా ఒక్కొక్క మడిలో ముంచాం. ముందుకు పోయినకొద్దీ అది పైపైకి తేలింది. ఒక కూలీ మాత్రం మడిలో వేలు ముంచి రంగు చూసి, "ఇంకా ముదరనేదు" అనేసింది. ఆమె చెప్పిందీ హైడ్రోమీటరు చెప్పిందీ ఒక్కటే.

నీరు బాగా ముదిరిన చోట ఎరుపు రంగు వస్తుంది. అది మురికి కాదు. అంత ఉప్పులోనూ బతకగలిగే సూక్ష్మజీవుల రంగు అది. రాజహంసలు అని మనం పిలుచుకునే ఫ్లెమింగోల రెక్కల్లోని గులాబి రంగు కూడా ఇలాంటి నీళ్లలోని నాచు నుంచి, చిన్న రొయ్యల నుంచి వచ్చిందే. ఏమీ బతకదనుకున్న ఉప్పునీరు ఇందరికి అన్నం పెడుతున్నది.

పురిటికొచ్చిన ఆడపిల్లలు

చివరి రోజు తేలినీలాపురం వెళ్లాం. టెక్కలి మండలంలోని ఈ ఊరు నౌపడ చిత్తడి అంచున ఉంది. ఊళ్లోకి అడుగు పెట్టగానే చెట్ల మీద తెల్లగా, బూడిద రంగుగా గూడబాతులు, గులాబి ఈకల పెయింటెడ్ కొంగలు గుంపులు గుంపులుగా కనిపించాయి. వానాకాలం చివర వస్తాయి, వేసవి మొదట్లో వెళ్లిపోతాయి. గూళ్లలో పిల్లలు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. గూడబాతు తల్లి నోరు తెరిస్తే పిల్ల తల, మెడ దాని గొంతు సంచిలోకి దూర్చి చేప తింటున్నది. ఆ సంచి చేపలు దాచుకునే బుట్ట కాదు, చేపలు పట్టే వల. నీటితో సహా ముంచి, నీరు వదిలేసి చేపను మింగుతుంది.

"ఇవి సైబీరియా నుంచి వస్తాయి కదా మాస్టారూ?" అని పిల్లలు అడిగారు. చాలామంది అలాగే అంటారు. మా నియమం ప్రకారం పేరు పెట్టేముందు చూద్దామన్నాను. ఏం చూశాం? గూళ్లు. గుడ్లు. పిల్లలు.

పక్షి ఎక్కడ గూడు కడితే అదే దాని పుట్టిల్లు. సైబీరియా నుంచి వలస వచ్చే పక్షులు ఇక్కడ గూడు కట్టవు. అక్కడి వేసవిలో, మే నుంచి జూలై వరకు, పొద్దు చాలాసేపు ఉండి పురుగులు పుష్కలంగా దొరికే రోజుల్లో పిల్లల్ని చేస్తాయి. అక్కడ మంచు కమ్మగానే తిండి కోసం మన దగ్గరికి వస్తాయి. సూదితోక బాతులు అలాంటివి. మంగోలియా, టిబెట్టుల నుంచి హిమాలయాలు దాటి వచ్చే పట్టెతల బాతులూ అంతే. ఇవన్నీ నిజమైన విదేశీ అతిథులు. 1959 నుంచి సలీం అలీ నాయకత్వంలో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘంవారు వేలాది పక్షుల కాళ్లకు అంకెలు వేసిన సన్నని ఉంగరాలు తొడిగి వదిలారు. ఆ ఉంగరాలు సైబీరియాలో, మధ్య ఆసియాలో దొరికినప్పుడు వాటి దారులు తెలిశాయి. గూడబాతు సంగతి వేరు. ఇక్కడ మనం చూసేది మచ్చల ముక్కు గూడబాతు. ఇది దక్షిణాసియా పక్షి. మన దేశంలోనే చెరువు నుంచి చెరువుకు తిరుగుతూ, చలికాలంలో పిల్లల్ని పెంచుకోవడానికి ఇక్కడికి చేరుతుంది. పెయింటెడ్ కొంగ కూడా మనదే.

ఇదంతా నేను పెద్ద ఉపన్యాసంలా చెబుతుంటే, అరుగు మీద చేట పట్టుకుని కూర్చున్న ఒక ముసలమ్మ విన్నది. "దానికింత సదువెందుకు బాబూ! ఇవి పురిటికొచ్చిన ఆడపిల్లలు. ఏటా పుట్టింటికొస్తాయి. పురిటికొచ్చినోళ్లని ఎవులైనా రాయెట్టి కొడతారేటి?" అన్నది.

పిల్లలు నా వైపు చూసి నవ్వారు. నేనూ నవ్వేశాను. నేను పది నిమిషాలు చెప్పిన పక్షిశాస్త్రం ఆమె ఒక్క మాటలో చెప్పేసింది. అది అందమైన మాటే కాదు, శాస్త్రరీత్యా సరైన మాట కూడా. అతిథి అనుకుంటే, వస్తే సంతోషం, రాకపోతే పోనీ అనుకుంటాం. పుట్టిల్లు అయితే అలా కాదు. ఈ చెట్టు పోతే, ఈ చిత్తడి ఎండిపోతే ఆ పక్షికి పురుడు పోసుకునే చోటు పోయినట్టే.

ఇది వట్టి భయం కాదు. 1946లో కె.కె. నీలకంఠన్ అనే పక్షిశాస్త్రవేత్త పశ్చిమ గోదావరి జిల్లాలో సుమారు 3,000 గూడబాతులు గూళ్లు కట్టిన స్థావరాన్ని చూశాడు. 1975 నాటికి అది అంతరించింది. తేలినీలాపురంలో కూడా 2021 చివర గూడబాతులు పెద్దసంఖ్యలో చనిపోయాయి. అవి తిన్న చేపల ద్వారా కడుపులో చేరిన ఏలికపాముల వంటి పురుగులే కారణమని చెప్పారు. చేప ఏ నీటిలో పెరిగితే పక్షి ఆరోగ్యం ఆ నీటిని బట్టి ఉంటుంది.

బీల అంటే బీడు కాదు

తిరిగి వచ్చేటప్పుడు రైలు కిటికీలో నుంచి చిత్తడినేలలు కనిపిస్తున్నాయి. సోంపేట వైపు వీటిని బీల అంటారు. టెక్కలి వైపు తంపర అంటారు. వానాకాలంలో వరదనీటిని తమలో నిలుపుకుని, వేసవిలో చుట్టుపక్కల పొలాలకు, నూతులకు మెల్లగా అందించే నేలలు ఇవి. చేపలు పట్టేవారికి బతుకు. పశువులకు మేత. పక్షులకు అన్నం.

కాని దూరం నుంచి చూసేవారికి ఇది వట్టి బీడులాగే కనిపిస్తుంది. ఇక్కడ థర్మల్ విద్యుత్ కేంద్రాలు కట్టే విషయంలో పెద్ద గొడవలు జరిగాయి. 2010 జూలై 14న సోంపేటలో, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో పోలీసు కాల్పులు జరిగి మనుషుల ప్రాణాలు పోయాయి. సోంపేట స్థలం చిత్తడినేల అని చెబుతూ, ఆ కాల్పులు జరిగిన రోజునే జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ అక్కడి కేంద్రానికి ఇచ్చిన అనుమతిని రద్దు చేసింది. చూశారా? ఒక నేలను బీడు అని రాయడానికీ, చిత్తడినేల అని రాయడానికీ మధ్య ఎంత తేడా ఉందో! మనకు కరెంటు కావాలి, రేవులు కావాలి, ఉద్యోగాలు కావాలి. వాటిని ఎక్కడ కట్టాలో తేల్చేముందు ఆ చోట ఏముందో నిజంగా చూసి, లెక్క రాయాలి. ఆ లెక్క రాసేవాళ్లు రేపు మీరే.

పలాసలో దిగేటప్పుడు, మొదటి రోజు "ఎడారి" అన్న కుర్రవాణ్ణి అడిగాను. "మరి ఇప్పుడు దానికి ఏం పేరు పెడతావు?" వాడు చెప్పులు దులుపుకుంటూ, "ఇంకో నాలుగు రోజులుండి చెబుతానండి" అన్నాడు. వచ్చే సంక్రాంతికి మళ్లీ వెళ్లాలని అప్పుడే తీర్మానించేశాం.

మీరూ చేయండి

1. ఒక గాజు గ్లాసులో సగం దాకా బాగా ఉప్పు కలిపిన నీరు పోసి, రెండు చుక్కల సిరా కలపండి. దాని మీద ఒక చెంచాను ఆనించి, చెంచా మీదుగా మంచినీటిని మెల్లగా పోయండి. రెండు పొరలూ విడివిడిగా నిలుస్తాయి. ఇప్పుడు పైపొరను సన్నని గొట్టంతో కొంచెం కొంచెంగా పీల్చండి. రంగునీరు గొట్టానికి ఎప్పుడు అందుతుందో గమనించండి.

2. ఒకే రకం గిన్నెలు రెండు తీసుకుని ఒకదానిలో ఇసుక, రెండోదానిలో నీరు సమానమైన బరువులో పోసి ఎండలో పెట్టండి. అరగంటకొకసారి ఉష్ణోగ్రత కొలవండి. తర్వాత నీడలో పెట్టి మళ్లీ కొలవండి. రెండిటికీ గ్రాఫు గీయండి.

3. మీ ఊరి చెరువుకు చలికాలంలో వచ్చే పక్షుల జాబితా రాయండి. వాటిలో పుల్లలు ఏరి గూడు కట్టేవి ఏవి? తిండి తిని వెళ్లిపోయేవి ఏవి? రెండు వరసలుగా విడదీయండి. గూళ్ల దగ్గరికి వెళ్లకండి, చప్పట్లు కొట్టకండి. తల్లి బెదిరి ఎగిరిపోతే, ఎండకు పిల్లలు చచ్చిపోతాయి.

ఏటా ఫిబ్రవరి 2 ప్రపంచ చిత్తడినేలల దినం. చిత్తడినేలల పరిరక్షణ కోసం 1971లో ఇరాన్‌లోని రామ్‌సర్ పట్టణంలో అదే రోజున దేశాలు ఒక ఒప్పందం చేసుకున్నాయి. ఆ రోజున మీ బడిలో, మీ ఊరి చెరువు గురించి మీరు రాసిన జాబితా చదివి వినిపించండి.